గొంతు వస్తాండాదా?

“చాచా, మీకాడ మా నాయన గొంతు ఉండాదంట గదా. ఉండాదా, చెరిపేస్తిరా?”

పుంగనూరులో మా వాకిట్లో నిలబడి ఆ అమ్మాయి ఈ మాట అడిగినప్పుడు ఆమె ఎవరో నాకు తెలియలేదు. పలమనేరు నుంచి బస్సులో వచ్చానంది. మదనపల్లెలో స్పీకర్లు బాగుచేసే ఆయన కూతురినంది. ఆయన పోయి రెండు నెలలైన సంగతి చివర్లో, చెప్పులు విడుస్తూ చెప్పింది. నేను కుర్చీ వేయడం కూడా మరిచిపోయి అట్లాగే నిలబడ్డాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆయన పోయాడన్న దుఃఖం కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది. ఆ గొంతు గురించి ఆయన ముఖం మీదనే నేను ఒక మాట అన్నాను, నలుగురూ వింటుండగా. ఆ మాట ఈ అమ్మాయికి తెలుసేమోనని ఆమె ముఖంలోకి చూశాను. బస్సు ప్రయాణపు అలసట తప్ప అక్కడ నాకేమీ కనిపించలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన అంగడికే ఆయన పేరు రాసుకోలేదు. మదనపల్లె బస్టాండు వెనక సందులో, ఒక మంచం వేస్తే నిండిపోయేంత అంగడి. గోడల నిండా మేకులకు తగిలించిన స్పీకర్లు. గిన్నెలాంటి పేపరు చిరిగినవి, అయస్కాంతం ఊడినవి, ఉత్త ఇనప చట్రం మాత్రమే మిగిలినవి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగితే ఆ జాగాలో స్పీకరు వైరు చుట్టుకుని చెవికి తగిలించుకునేవాడు. ఎవరు పలకరించినా చెయ్యి కలిపేవాడు కాదు. వేళ్లకెప్పుడూ బంక ఉండేది. అందుకని మణికట్టు ముందుకు చాపేవాడు, మనం దాన్ని పట్టుకోవాలి. ఊరి పెద్దమనిషి వచ్చినా మణికట్టే.

స్పీకరును ఆయన మొదట కంటితో చూసేవాడు కాదు. బల్ల మీద వెల్లకిలా పెట్టి, నాలుగు వేళ్లూ విడదీసి పేపరు మీద ఆనించి, పసిబిడ్డ కడుపు ఉబ్బిందేమో చూసినట్టు మెల్లగా నొక్కేవాడు. కళ్లు మూసుకునేవాడు. లోపల తీగచుట్ట ఎక్కడన్నా ఒరుసుకుంటే ఆయన కనుబొమ మీదికి లేచేది. “గీరుకుంటాండాదప్పా,” అనేవాడు. ఆయన చెప్పిన చోటనే మనం చెవి పెట్టి విన్నా మనకేమీ వినపడేది కాదు. “నీకు ఇనపడదులే. నీకు ఇనపడే పాటికి అది కాలిపోయుంటాది.”

సౌండు ఎక్కువ పెట్టేవాళ్లంటే ఆయనకు కోపమని అందరూ అనుకునేవాళ్లు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఒకసారి ఎవరో కుర్రవాడు స్పీకర్లు రెండూ చించుకుని వస్తే నేను కల్పించుకుని తిట్టబోయాను. ఆయన నన్ను ఆపాడు. “తిట్టద్దప్పా. సౌండు పెంచేది చెవిటోళ్లు కాదు. ఇంట్లో మాట్లాడేకి మనిషి లేనోళ్లు పెంచుతారు,” అన్నాడు. అప్పటికి మా అక్క పోయి చాలా కాలమైంది. నేను ఇంట్లో సౌండు ఎంత పెట్టుకుంటున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక నా టేప్‌రికార్డర్ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆయన సంగతి చెప్పలేను.

నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు డ్రైవర్‌గా ఉన్నాను. వచ్చేటప్పుడు అందరిలాగే నేనూ ఒక టూ ఇన్ వన్ తెచ్చుకున్నాను. రెండు పక్కలా రెండు స్పీకర్లు, మధ్యలో క్యాసెట్, పైన పట్టుకోవడానికి పిడి. భుజం మీద పెట్టుకుంటే మనిషి సగం కనపడడు. దాన్ని మోసుకుని కుప్పంలో రైలు దిగితే మా అక్క నన్ను చూడకముందే దాన్ని చూసి, “ఇదేందిరా, పెట్టెకు కండ్లు ఉండాయి,” అంది.

నాకు అమ్మ లేదు. ఊహ తెలిసేటప్పటికే పోయింది. నన్ను పెంచింది అక్కే, కుప్పంలో, తన అత్తగారింట్లో, అందరి మాటలూ పడుతూ. ఆమెకు చదువు రాదు. నేను కువైట్‌లో ఉన్నన్నాళ్లూ ఉత్తరాలకు బదులు మా మధ్య క్యాసెట్ తిరిగేది. పక్కింటివాళ్ల టేప్‌రికార్డర్ ముందు కూర్చుని అక్క మాట్లాడేది. ఆవు ఈనిందనీ, చెనిక్కాయ సరిగా కాయలేదనీ, ఫలానా వాళ్ల పెళ్లిలో సాంబారు నీళ్లుగా ఉందనీ చెప్పేది. సెలవు మీద వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. మా పక్క కువైట్ పోయిన మనుషులున్న ఇళ్లన్నింటిలోనూ ఇదే పద్ధతి.

అక్క అట్లా మాట్లాడి పంపినవాటిలో చివరిది ఒక్కటే మిగిలింది. అందులో చివరి దగ్గర ఆమె గొంతు మారుతుంది. “అబ్బోడా, నీకొక మాట చెప్పల్ల. మనసులో పెట్టుకోవద్దు,” అని మొదలుపెడుతుంది. నన్ను బడి మాన్పించి రాళ్ల క్వారీలో పనికి పంపిన సంగతి అది. అప్పుడు తన చేతిలో ఏమీ లేదని, అది తలచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదని అంది. మా ఇద్దరి మధ్యా ఎదురెదురుగా ఎన్నడూ రాని మాట. క్యాసెట్‌లో మాత్రమే ఉన్న మాట. నేను తిరిగొచ్చిన ఏడాదిలోపే అక్క పోయింది.

కొన్నేళ్లకు టేప్‌రికార్డర్ మొరాయించింది. బెల్టు సాగిపోయి పాటలన్నీ ఏడుపుల్లాగా వచ్చేవి. నేను అప్పటికి మినీ లారీ కొనుక్కుని పుంగనూరు నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలుతున్నాను. లారీలో స్పీకర్ల పని మీద అప్పటికే ఆయన అంగడికి పోతూ వస్తూ ఉన్నాను గనక దీన్నీ అక్కడికే తీసుకుపోయి ఇచ్చాను. లోపల క్యాసెట్ ఉండిపోయిందన్న సంగతి నాకు గుర్తు రాలేదు. “అన్నీ పని చెయ్యల్ల భాయ్, రేడియో, టేపు, రికార్డింగు, అన్నీ,” అని గట్టిగా చెప్పి మరీ వచ్చాను.

ఆయన చెప్పినట్టే చేశాడు. బెల్టు మార్చాడు, హెడ్డు తుడిచాడు, రికార్డింగు పని చేస్తుందో లేదో చూడాలనుకున్నాడు. లోపల క్యాసెట్ ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు. అక్కకు రాయడం రాదు గదా. రాసి లేని క్యాసెట్ ఖాళీ క్యాసెట్ అనుకోవడంలో తప్పేముంది? అందరూ మైకు ముందు హలో హలో అని అరుస్తారు. ఆయనకు అది నచ్చదు. అరిస్తే ఏ మిషనైనా పలుకుతుంది, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే పలికేదే మిషను అనేవాడు. అందుకని రికార్డింగు మీట నొక్కి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“అందురూ తిన్నారా? నేను తినేస్తి. గొంతు వస్తాండాదా? బాగా వస్తాండాదా?”

అంతే. పావు నిమిషం కూడా ఉండదు. నేను అంగడికి పోయి, ఆయన ముందే క్యాసెట్ పెట్టి విన్నాను. “అబ్బోడా, నీకొక మాట చెప్పల్ల. మనసులో పెట్టుకోవద్దు,” అంది అక్క. టక్కుమంది. “అందురూ తిన్నారా?” అన్నాడు ఆయన. మళ్లీ టక్కుమంది. “అంతేరా. ఉంటా మల్ల,” అంది అక్క.

నాకు ఒళ్లు తెలియలేదు. సందులో జనం చేరారు. ఆయన బంక చేతులు రెండూ గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు. “రాసి లేదప్పా దాని మీద. నాకు తెలీలేదప్పా,” అని రెండుసార్లు అన్నాడు. నేనన్నాను: “నీ గొంతు ఎవురికి కావల్లయ్యా? పనికిమాలిన గొంతు. మా అక్క మాట మీద పోసిపెట్టినావే!” 

ఆయన తల వంచుకున్నాడు. టేప్‌రికార్డర్‌ను పాత తువ్వాలలో చుట్టి, క్యాసెట్‌ను విడిగా నా చేతిలో పెట్టాడు. మణికట్టు చాపలేదు.

తర్వాత చాలా ఏళ్లు ఆ సందులోకి పోలేదు. మార్కెట్‌కు వారంలో నాలుగు రోజులు పోయేవాణ్ని, ఆ సందు తప్పించుకుని చుట్టు తిరిగేవాణ్ని. ఆ పావు నిమిషాన్ని చెరిపేద్దామని ఒకటి రెండుసార్లు మీట మీద వేలు కూడా పెట్టాను. తర్వాత ఉన్న “అంతేరా, ఉంటా మల్ల” కూడా ఎక్కడ పోతుందోనన్న భయంతో వదిలేశాను. అక్క చెప్పిన మాటలో విషయం నాకు గుర్తుంది. ఆమె ఏ మాట తర్వాత ఏ మాట అందో, ఎక్కడ ఆగిందో అది గుర్తు రాదు. గుర్తు తెచ్చుకోబోయినప్పుడల్లా ఆయన తిన్నారా అని అడుగుతాడు.

మళ్లీ ఆయన దగ్గరికి పోక తప్పలేదు. స్పీకర్లు రెండూ పోయాయి. పేపరు చుట్టూ ఉండే స్పాంజి రింగు ముట్టుకుంటే జిగటగా ఊడి వేలికి అంటుకుంటోంది. అక్క గొంతు బొంగురుపోయి, గరగరమని, ఎవరో ముక్కు మూసినట్టు వచ్చేది. బెంగళూరు దాకా అడిగాను. “దీన్ని పారేసి కొత్తది పెట్టుకో, ఫోన్లోంచే పాటలొస్తాయి,” అన్నారందరూ. ఒకడైతే లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టిస్తానన్నాడు. నాకు పాటలతో ఏం పని?

అంగడి అక్కడే ఉంది. ఆయనా అక్కడే ఉన్నాడు. మెడకు గళ్ల చేతిరుమాలు చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గానీ మాట్లాడలేదు. ఇంకా కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను. ఆయన రుమాలు కొంచెం పక్కకు జరిపి, కంఠం దగ్గరున్న రంధ్రం చూపించి, చేత్తో కోసేసినట్టు సైగ చేశాడు. వేలూరులో ఆపరేషన్ అయిందని, గొంతుపెట్టె తీసేశారని, పక్క అంగడి టీ ఆయన చెప్పాడు. అయి రెండేళ్లయిందట.

నేనన్న మాటకూ ఆ జబ్బుకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం? పనికిమాలిన గొంతు అన్నాను, ఇప్పుడు ఆ గొంతు లేదు.

అంగడిలో ఒక అట్టముక్క వేలాడుతోంది. ఆయన చేతిరాత. “లోపల ఎవరి గొంతన్నా ఉందా?” ఎవరు ఏ మిషను తెచ్చినా మొదట ఆ అట్టను వేలితో చూపిస్తాడు. లేదంటేనే మూత విప్పుతాడు. క్యాసెట్ ఉంటే తీసి, వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను స్క్రూడ్రైవర్‌తో విరిచేస్తాడు. అవి విరిస్తే ఇక ఆ క్యాసెట్ మీద ఎవరూ ఏమీ రికార్డు చేయలేరు. విరిచిన పలుకులను పారేయకుండా ఒక సీసాలో వేస్తాడు. సీసా మెడ దాకా నిండి ఉంది. నా కళ్లముందే నా క్యాసెట్ తీసుకుని, రెండు పలుకులూ విరిచి, ఆ సీసాలో వేసి మూత బిగించాడు. ఆయనకు మాట ఉన్నా ఇంతకంటే ఏం చెప్పగలిగేవాడో నాకు తెలియదు.

స్పీకర్ల పని మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ లారీని మార్కెట్లో వదిలి ఆయన పక్కన కూర్చున్నాను. కుళ్లిన స్పాంజిని గోటితో, స్పిరిట్‌తో గీకి తీశాడు, పేపరు మీద చిన్న గీత పడకుండా. కొత్త రింగును కత్తిరించి అతికించే ముందు తీగచుట్ట సరిగ్గా నడిమధ్య నిలవాలి. దానికి దాని చుట్టూ సన్నటి ఫిలిం ముక్కలు దూర్చాలి. ఆయన బల్ల కింది నుంచి ఒక పెద్ద ఎక్స్‌రే తీశాడు. వెలుతురుకు పెట్టి నాకు చూపించి, తన మెడను వేలితో తట్టాడు. ఆయనదే. ఆపరేషన్‌కు ముందు తీసిన మెడ ఎక్స్‌రే. నేను వద్దనేలోపే కత్తెరతో చరచరా నాలుగు పట్టీలు కోశాడు. నా ముఖం చూసి భుజాలు ఎగరేసి నవ్వాడు, శబ్దం లేకుండా.

బంక ఆరేదాకా పని లేదు. అప్పుడు క్యాసెట్ చూపించి, వేళ్లతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, చెయ్యి తిప్పాడు. తక్కినవి ఏవని.

“తక్కినవి లేవు భాయ్,” అన్నాను. “ఒకే క్యాసెట్ తిరుగుతా ఉండె. అక్క పంపిస్తే ఇనేసి, దాని మీదనే నేను మాట్లాడి పంపిస్తా ఉంటి. ఇది మాత్రం నేను బయల్దేరే ముందర వచ్చింది. జవాబు పంపేలోపల నేనే వచ్చేస్తి, అందుకని...”

తొమ్మిదేళ్లు. ఆవు ఈనిన మాట మీద నేను మాట్లాడాను. చెనిక్కాయ మాట మీద మాట్లాడాను. కువైట్ ఎండల గురించి, నాకు పనిచ్చిన కఫీల్ కారు గురించి వాగి వాగి, అక్క తొమ్మిదేళ్ల గొంతునంతా నా చేతులతో నేనే చెరిపేశాను. ఈయన చెరిపింది పావు నిమిషం. దానికి ఈయన్ను సందులో నిలబెట్టాను.

ఆయనకు అర్థమైంది. అడగకుండా ఉండాల్సింది అన్నట్టు కళ్లు దించుకున్నాడు. కాసేపటికి బంక చేతిని బట్టకు తుడుచుకుని నా చేతి మీద పెట్టాడు. ఆయన అరచెయ్యి నాకు తగలడం అదే మొదటిసారి. క్షమించమని నేను అడగాలి. అడగలేదు. గొంతు ఉండీ అడగలేదు.

మూడో రోజు ఫిలిం పట్టీలు లాగేసి, స్పీకర్లు బిగించి, క్యాసెట్ పెట్టాడు. అక్క వచ్చింది. బొంగురు లేదు, గరగర లేదు. చేతి గాజులు కూడా వినపడుతున్నాయి. ఆయన నాలుగు వేళ్లూ పేపరు మీద ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి నా చెయ్యి లాగి స్పీకరు మీద పెట్టి, మోచేతిని రైలు చక్రం కడ్డీలాగా ఆడించాడు. అక్క మాట వెనకాల, ఎక్కడో దూరంగా, కుప్పం స్టేషన్‌లో రైలు పోతోంది. ఇన్నేళ్లలో నేను ఆ రైలును వినలేదు. నా వేళ్ల కింద సన్నగా అదిరింది. తర్వాత టక్కుమని ఆయన గొంతు వచ్చింది. ఆయన గబుక్కున చెయ్యి తీసేసి, మీట నొక్కి ఆపేశాడు. తన గొంతు తాను వినలేకపోయాడో, నాకు వినిపించకూడదనుకున్నాడో తెలియదు. అదే నేను ఆయన్ను చివరిసారి చూడడం.

ఇప్పుడు ఆయన కూతురు నా వాకిట్లో ఉంది. ఆయన ఫొటోలున్నాయట. తన పెళ్లి వీడియోలో ఆయన మాట్లాడుతూ కనపడతాడట, కానీ వీడియో తీసినవాళ్లు మాటలు తీసేసి మొదటి నుంచి చివరిదాకా పాటలు పెట్టేశారట. ఆపరేషన్ నాటికి ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. ఊరందరి గొంతులూ బాగుచేసిన మనిషి గొంతు ఆయన ఇంట్లో ఎక్కడా లేదు. వాళ్లమ్మకు మాత్రం గుర్తుందట, పుంగనూరు టమాటా లారీ ఆయన క్యాసెట్లో తన భర్త గొంతు ఒకసారి పడిందని.

“చెరపలేదమ్మా,” అన్నాను. “చెరపనీకుండా మీ నాయనే చేసి పెట్టినాడు.”

టేప్‌రికార్డర్‌ను లారీలో నా పక్క సీట్లో పెట్టుకుని, ఆ అమ్మాయిని ఎక్కించుకుని మదనపల్లె పోయాను. ఆయన భార్య గోడకానుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు మిషను పెట్టాను గానీ మీట నొక్కలేకపోయాను.

“భాభీ, ముందు ఒక మాట చెప్పల్ల. ఆయన్ను నేను...”

“తెలుసప్పా,” అంది ఆమె. “నీ గొంతు ఎవురికి కావల్ల అన్నావంట. ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడు. అన్నం తిన్లేదు. ఆయప్ప అన్నింది నిజమే గదా అన్నాడు. నేను ఊరికే ఇంటా ఉండిపోతి.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నాకు కావల్ల అని ఆ పొద్దు నేనన్నా చెప్పిండల్ల.”

నేను మీట నొక్కాను. కూతురు ఫోను పట్టుకుని రికార్డింగు పెట్టింది. అక్క గాజులు, అక్క మాట, వెనకాల రైలు. “అబ్బోడా, నీకొక మాట చెప్పల్ల. మనసులో పెట్టుకోవద్దు.” టక్కు.

“అందురూ తిన్నారా? నేను తినేస్తి. గొంతు వస్తాండాదా?”

“వస్తాండాది,” అంది ఆమె.

పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు పలికింది. “బాగా వస్తాండాదా?” అని స్పీకర్లోంచి ఆయన మళ్లీ అడిగాడు. ఆమె తల ఊపింది. టక్కుమంది. “అంతేరా. ఉంటా మల్ల,” అంది మా అక్క.

కూతురు ఫోను వైపు చూసుకుని, కళ్లు తుడుచుకుని, “అమ్మా, నీ మాట కూడా దీంట్లో పడిపాయ. చెరిపేసి మల్ల తీస్తా, ఉండు,” అంది.

“చెరపద్దు,” అంది ఆమె. “ఉండనీ.”